వేపమండలు కట్టిన ఇంట్లో కోఫ్తా కూర

నా చిన్నప్పుడు మెదక్‌లో ఏ ఇంటి గుమ్మానికైనా వేపమండలు కట్టి కనిపిస్తే ఆ గడప ఎవరూ తొక్కేవారు కాదు. లోపల ఎవరికో అమ్మవారు పోసిందని, అంటే మశూచి సోకిందని దాని అర్థం. ఆ ఇంట్లో తాలింపు వేయకూడదు, మాంసం వండకూడదు. అమ్మవారు శాంతించాలంటే ఇల్లు చల్లగా ఉండాలని పెద్దలు చెప్పేవారు. ఎంతటి మొనగాడైనా ఆ మండలు చూస్తే అటు నుంచి అటే వెళ్లిపోయేవాడు.

ఒకసారి మా గుమ్మానికి కూడా ఆ మండలు కట్టారు. లోపల ఎవరికీ ఏమీ కాలేదు.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. అమ్మా నాయనా గత్తరలో, అంటే కలరాతో, ఒకే వారంలో పోయారు. ఇంట్లో నేను, మా నాయనమ్మ, అంతే. అంతకు ముందు ఏడాదంతా రజాకార్ల భయంతో బతికాం. సాయంత్రమైతే తలుపులు బిగించుకుని గుసగుసగా మాట్లాడుకునేవాళ్లం. ఆ తర్వాత యూనియన్ సైన్యం వచ్చింది, నైజాం లొంగిపోయాడన్నారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారని పుస్తకాల్లో రాస్తారు. మా వీధిలో మాత్రం కొందరు పీల్చుకుంటే కొందరికి ఆగిపోయింది. రజాకార్లు ఎటు పారిపోయారో గానీ, వాళ్ల మీది కోపమంతా మా వీధి ముస్లిం దర్జీలమీద, బండివాళ్లమీద, ఏ పాపమూ ఎరుగని ఆడవాళ్లమీద పడింది. కర్రలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన వాళ్లలో మాకు తెలిసిన ముఖాలు కూడా ఉన్నాయి. ఆ సంగతి చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

పక్కింటి ఖాలా ఒక వాన రోజు పెరటి గోడ దూకి మా ఇంట్లోకి వచ్చింది. చంకలో మూడు నెలల పాప. ఖాలా అంటే వాళ్ల భాషలో పిన్ని, నేను ఆమెను అలాగే పిలిచేదాన్ని. దర్జీ పని చేసే ఆమె భర్త రెండు రోజుల క్రితం బజారుకు పోయి మళ్లీ రాలేదు. ఏమయ్యాడని ఎవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. నాయనమ్మ ఆమెను జొన్నలు పోసుకునే చీకటి కొట్టులో కూర్చోబెట్టి, గుమ్మానికి వేపమండలు కట్టింది. నాకు ఒళ్లంతా పసుపు పూసి చాప మీద పడుకోబెట్టింది. కదలకు, నవ్వకు, ఎవరు పిలిచినా పలకకు అంది. కర్రలవాళ్లు రెండుసార్లు మా వాకిలి దాకా వచ్చి, మండలు చూసి తిరిగి వెళ్లిపోయారు.

ఖాలాను దాచడమైతే దాచాం గానీ ఆమెను బతికించుకోవడం మా చేతిలో లేకుండా పోయింది. మూడు రోజులు ఏమీ తినలేదు. నాయనమ్మ జొన్న గట్క కలిపి పెడితే ముద్ద నోట్లో పెట్టుకుని మళ్లీ కక్కేసేది. పాలు ఎండిపోయాయి. పాప మొదట గట్టిగా ఏడ్చేది, అప్పుడు నేను చాప మీద నుంచి దానికంటే గట్టిగా మూలిగేదాన్ని, ఏడుపు నాదే అనుకోవాలని. మూడో రోజుకు పాప గొంతు పిల్లికూనలా సన్నబడింది. నేను మూలగాల్సిన పని లేకుండా పోయింది. నాకు భయం వేసింది ఆ రోజే.

మా పెరట్లో ఒక్క కోడి ఉండేది. అంత కరువులోనూ అది బతికి ఉందంటే, ఏడుపాయల దుర్గమ్మకు మొక్కిన కోడి కాబట్టి. అంతకు ముందు ఏడు నాకు జ్వరం ముదిరి కళ్లు తేలేసినప్పుడు, ఈ ఒక్క పిల్లనన్నా నాకు మిగిల్చు తల్లీ అని నాయనమ్మ మొక్కుకుంది. దారులు బాగుపడగానే జాతరకు తీసుకుపోదామని దాన్ని కంటికి రెప్పలా చూసుకునేది. అలాంటిది ఆ రోజు పొద్దున్నే ఆ కోడిని పట్టుకొచ్చి, కత్తితో సహా ఖాలా ముందు పెట్టింది.

"పోరి ఆకలికి ఆగుతలేదు బిడ్డా. పెండ్లిళ్లల్ల నువ్వు చేసే కోఫ్తాలు నాకు చెయ్యరాదు, నువ్వే చెయ్యాలె. మీ తీరుగనే కొయ్యి" అంది.

నేను ఆకలని ఒక్క మాట అనలేదు. నాయనమ్మ అబద్ధమాడుతోందని అర్థమైంది, ఎందుకో అర్థం కాలేదు. ఖాలా చాలాసేపు కత్తి వైపు చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి కొంగు తలమీదికి లాక్కుని, బిస్మిల్లా అనుకుంటూ కోడిని కోసింది.

ఆమె చేతివంటకు మెదక్‌లో పేరుండేది. పెళ్లిళ్లలో ఖుబానీ, అంటే ఎండు ఆప్రికాట్ పళ్ల పులుసులో కోడి కోఫ్తాలు చేసేది. ఆ రోజు ఖుబానీలు ఎక్కడివి, దుకాణాలే మూతపడ్డాయి. ఎవరి కంటా పడకుండా పెరట్లోకి పోయి వానకు రాలిన జామపళ్లు ఏరుకొచ్చాను. వాటిని ఉడికించి, గింజలు పోయేలా గుడ్డలో వడకట్టి, పాత చింతపండు రసం కలిపింది. మాంసం ఎముకల నుంచి తీసి, అల్లం, వెల్లుల్లి, చెక్కా లవంగం, పుట్నాల పొడి వేసి రోట్లో మెత్తగా దంచింది. నూనెలో వేయించొద్దు, తాలింపు పెట్టొద్దు, ఉండలు నేరుగా పులుసులోనే ఉడకాలని నాయనమ్మ రెండుసార్లు చెప్పింది. పొయ్యి మీద మూత ఊరికే తీయనివ్వకుండా, పక్కన వేపాకు పొగ వేసి కూర్చుంది.

వండే మనిషి ఉప్పు చూడకుండా ఉండలేదు కదా. ఖాలా గరిటెతో పులుసు చేతిలో పోసుకుని నాకింది. ఇంకొంచెం పోసుకుంది. పులుపు చాల్లేదని గొణిగింది. కాసేపటికి ఒక ఉండ ఉడికిందో లేదో చూడాలని విరిచి నోట్లో వేసుకుంది, అది లోపలికి పోయింది, బయటికి రాలేదు. నాయనమ్మ అటు తిరిగి కళ్లు తుడుచుకోవడం నేను చాప మీద నుంచి చూశాను. పెట్టిన ముద్ద తినని మనిషి, తను వండిన ముద్ద తింటుందని ముసలామెకు ముందే తెలుసు. నా ఆకలి సాకు ఎందుకో నాకు అప్పుడు తెలిసింది.

ఆ ఆనందంలో నాయనమ్మ పాపను ఎత్తుకోవడానికి కొట్టులోకి వెళ్లింది. అంతలోనే ఖాలా చేతులు వాటంతట అవే పని చేశాయి. ఇనుప గరిటెలో నూనె కాచి, ఉల్లిగడ్డ, షాజీరా వేసి కూర మీద గుమ్మరించింది. బగారా, అంటే తాలింపు, వేయని కూరను ఆమె జన్మలో దించి ఎరగదు. చుయ్యిమన్న శబ్దానికి ఆమే ఉలిక్కిపడి గరిటె పారేసింది, అప్పటికే ఇల్లంతా పెళ్లిల్లులా ఘుమఘుమలాడిపోయింది.

ఎంతోసేపు పట్టలేదు. వాకిట్లో కర్రల చప్పుడైంది.

"అవ్వా, అమ్మోరు పోసినింట్ల తాలింపు వాసనేంది?" అన్నాడొకడు. గొంతు గుర్తుపట్టాను. పండుగలకు మా ఇంట్లో అరిసెలు తిన్న గొంతు.

ఖాలా కొట్టులోకి జారిపోయింది. నాయనమ్మ ఒక్క క్షణం నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నాకు పెద్దయ్యాక గానీ తెలియలేదు. జుట్టు విప్పేసింది, పసుపు నీళ్ల చెంబు నెత్తిన కుమ్మరించుకుంది, నాలుక బయటపెట్టి ఊగుతూ వాకిట్లోకి వెళ్లి నిలబడింది.

"నా కోడిరా అది. నాకు మొక్కిన కోడి. నా ఆకలికి అడ్డమొస్తరా? ఎవనికి గావాల్నో లోపలికి రాండ్రి. వచ్చినోని ఇంటికి నేనొస్త" అంది. ఆ గొంతు మా నాయనమ్మది కాదు. నేనే నమ్మేశాను.

కర్రలు కింద పడిన చప్పుడు విన్నాను. చేతులు జోడించి, తప్పయిందమ్మా అంటూ వెనక్కి వెనక్కి వెళ్లిపోయారు. నాయనమ్మ లోపలికొచ్చి గోడకు ఒరిగి కూలబడింది. నన్ను దగ్గరికి తీసుకోలేదు. ఏడుపాయల దిక్కు తిరిగి, నేల మీద నుదురు ఆనించి, చాలాసేపు లేవలేదు. ఆ సాయంత్రానికి ఖాలాకు మళ్లీ పాలు పడ్డాయి. వారం తర్వాత సైన్యం గస్తీ మొదలై వీధి సద్దుమణిగింది.

దసరా పోగానే నాకు నిజంగానే అమ్మవారు పోసింది.

ఊళ్లో అప్పటికే నలుగురికి ఉంది, నాకూ అంటుకుంది, అంతే అని ఇప్పుడు నేను చెప్పగలను. నాయనమ్మ అలా అనుకోలేదు. నా ప్రాణానికి మొక్కిన కోడిని వేరేవాళ్లకు పెట్టింది, లేని అమ్మవారిని నా ఒంటి మీద ఉందని చెప్పింది, ఆమె గొంతుతో దొంగ పూనకం పలికింది. తల్లి ఊరుకుంటుందా? పద్దెనిమిది రోజులు నా పక్కన కూర్చుని గుండెలు బాదుకుంది. నా ఒంటి మీద వేపాకు విసిరింది ఖాలా. తన పాపను ఎవరికో అప్పగించి, అంటుకుంటుందని అందరూ తిడుతున్నా కదలకుండా కూర్చుంది. నేను బతికాను. ముఖం మాత్రం గుంటలు పడింది.

ఈ మచ్చలు చూసి రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. రెండోది పోయిన రోజు నేను కోపం ఆపుకోలేక, ఆ దొంగ పూనకం ఎందుకు తెచ్చుకున్నావు, నా బతుకు ఇలా అయ్యింది అని నాయనమ్మను అడిగేశాను. ఆమె నా చెంపలు రెండు చేతులతో పట్టుకుని, ఒక్కో మచ్చ మీదా వేలు పెట్టి ఏడ్చింది. ఏడుస్తూనే చెప్పింది.

"అమ్మోరు నిన్ను తీస్కపోతదని తెలిసే చేసిన బిడ్డా. మళ్ల గసొంటి దినమొస్తే మళ్ల గదే చేస్త. నువ్వు నన్ను తిట్టుకో."

దేవుణ్ణి నమ్మనివాళ్లు అలా నటిస్తే అది తెలివి. మా నాయనమ్మ నమ్మింది. తన ఒక్క మనవరాలికి ముప్పని పూర్తిగా నమ్మి, నా వైపు ఒక్కసారి చూసి, ఆ వాకిట్లోకి నడిచింది. నేను ఆమెను తిట్టుకోలేదు. ఇప్పుడు నాకు ఎనభై దాటాయి. పొద్దున ముఖం కడుక్కునేటప్పుడు ఆ గుంటలు చేతికి తగులుతాయి, అప్పుడు ఆ పాప గుర్తొస్తుంది. దానికి ఇప్పుడు మనవరాళ్లున్నారు.