పడమరకు పోయిన విమానం

మా అత్తమ్మ హజ్ యాత్రకు పోనంటున్నదని నాకు మొదట చెప్పింది గాజులామె. ఆ ఇంటి కోడలిని నేను. ఆ మాట ఆర్మూరు బజారంతా తిరిగి, చివరికి ఆమె గాజుల బుట్టతో పాటు మా గడప ఎక్కింది.

"ఏమే పిల్లా, మీ అత్త పోదంట గదా? యార్డుల అందరికీ చెప్తుంది. నీకు చెప్పలేదా?"

చెప్పిందన్నట్టు తల ఊపాను. ఆమె నా చేతికి గాజులు ఎక్కిస్తుంటే ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

ఆ ఏడాది హజ్‌కు తీసిన డ్రాలో అత్తమ్మ పేరూ, ఆమె పెద్దకొడుకైన మా ఆయన పేరూ వచ్చాయి. మామ చిన్న వయసులోనే పోతే, అత్తమ్మ పసుపు మార్కెట్ యార్డులో పొడుగు కొమ్ములు, గుండ్రటి గోళాలు వేరుచేసే పని చేస్తూ ఇద్దరు కొడుకుల్ని పెంచింది. ఈ యాత్ర కోసం ఆమె ఎంతగా ఎదురుచూసిందో నాకు తెలుసు. ఇప్పుడు కాదంటే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. మళ్ళీ పేరు వచ్చేనాటికి ఆ మోకాళ్ళతో నడవగలదని ఎవరికీ నమ్మకం లేదు.

మధ్యాహ్నం బియ్యం ఏరుతున్న ఆమె పక్కన కూర్చుని నెమ్మదిగా అడిగాను.

"సచ్చుడుకు భయం కాదు బిడ్డా," అన్నది చేట మీదనుంచి కళ్ళెత్తకుండా. "నిజామాబాద్ బస్సు డ్రైవర్‌కు రోడ్డుంటది. పోచంపాడ్ డ్యాంల చేపలు పట్టేటోల్లకు గట్టు కనిపిస్తది. సముద్రం మీద, మబ్బుల నడుమ, విమానం నడిపేటాయనకు తొవ్వ ఎట్ల ఎరుకైతది? తప్పిపోతే అడగనీకె గాడ ఎవరుంటరు?"

నవ్వు రాలేదు నాకు. ఆమె అడిగినదానికి జవాబు నా దగ్గర ఉందని సంతోషం కలిగింది.

నేను బడికి పోలేదు. తెలుగు, అరబ్బీ అక్షరాలు, కాస్త ఇంగ్లిష్ మా నాన్న ఇంట్లోనే నేర్పాడు. మా మరిదికి బస్టాండు దగ్గర టైపింగు, ప్రింటింగు దుకాణం ఉండేది. అక్కడ పాతబడిన ఒక కంప్యూటర్‌ను ఇంటికి తెచ్చిపెట్టాడు. అందులో విమానం నడిపే ఆట ఉంది. ఆటే గాని, పైలట్ ముందుండే పలక మొత్తం అచ్చం అలాగే ఉంటుందట. ఇంటి పని అయ్యాక దాని ముందు కూర్చుని, ఇంగ్లిష్‌లో రాసి ఉన్నది ఒక్కో ముక్కా కూడబలుక్కుంటూ ఆటోపైలట్ సంగతి నేర్చుకున్నాను. ఎంత ఎత్తున పోవాలో అంకె వేస్తే ఆ ఎత్తు పట్టుకుంటుంది. దిక్కుకు కూడా అంకె ఉంది, అది వేస్తే ముక్కు అటే ఉంచుతుంది. లేదంటే బయలుదేరే ఊరూ చేరే ఊరూ చెబితే పటం మీద గులాబీ రంగు గీత గీస్తుంది. ఒక మీట నొక్కితే చాలు, గీత ఎటు వంగితే విమానం అటు వంగుతూ పోతుంది. మా నాన్న నేర్పిన ఆ నాలుగు ముక్కలు ఇంతదూరం తెచ్చినందుకు అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకునేదాన్ని. అందులో కృతజ్ఞత ఎంతో, గొప్ప ఎంతో అప్పుడు చూసుకోలేదు.

"తొవ్వ నేను చూపిస్త అత్తమ్మా," అన్నాను.

చూడటానికి ఆమె ఒక్కతే రాలేదు. యార్డులో తనతో పనిచేసే ఆడవాళ్ళను ముగ్గురిని వెంటబెట్టుకొచ్చింది. అందరూ చాప మీద సర్దుకున్నారు. మరిది హైదరాబాద్ నుంచి జెద్దాకు దారి పెట్టి, విమానాన్ని గాల్లోకి లేపాడు.

"అమ్మో, లేస్తుందే! గట్టిగ పట్టుకో, పడతవ్!"

"చాప మీద కూసున్నదాన్ని, యాడ పడతనే?"

"లోపల బువ్వ పెడ్తరా?"

"పెడ్తరంట. కారం ఉండదంట."

"గట్లయితే పచ్చడి సీసా పట్టుకపో అక్కా, డ్రైవర్‌కు కూడ ఇంత పెట్టు."

అత్తమ్మ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు చూశాను. మరిది లేచి దుకాణానికి పోతూ చెప్పాడు: "వదినా, గులాబీ గీత మీద పెట్టుడు మర్వకు. దిక్కు అంకె ముట్టకు."

విన్నాను. కానీ తెర మీద ఆ గీత కొంచెం పైకి, ఉత్తరం వైపుకు ఒరిగి కనిపించింది. నాకు అది నచ్చలేదు. నేను ఈ ఇంటికి వచ్చిన రోజు అత్తమ్మ నా భుజాలు పట్టుకుని, వీపు తూర్పు గోడ వైపు ఉండేట్టు నిలబెట్టి, "గిట్ల నిలబడు బిడ్డా, ఎదురుంగ మక్కా," అని చూపించింది. ఆనాటి నుంచి రోజుకు ఐదుసార్లు అటే నిలబడుతున్నాను. మక్కా పక్కనే జెద్దా. ఇంక గీతతో పనేముంది? దిక్కు అంకెను నిండు పడమరకు తిప్పి పెట్టాను.

"ఇప్పుడు ఎవ్వలు నడుపుతున్నరు?" అని అడిగింది అత్తమ్మ.

"ఎవ్వలు లేరు. తొవ్వ దానికే ఎరుక."

"పొద్దు వాలింది, అసర్ నమాజు యాళ్లయింది. గిది ఆగదా మరి?"

"ఆగే పని లేదు అత్తమ్మా. మనం చదువుకొని వచ్చేదాకా పోతనే ఉంటది."

ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న ధీమా తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు కాలుతాయి. కాలం వేగంగా నడిచే మీట నొక్కి లేచాను. ఇద్దరం పక్కపక్కన నిలబడి, అదే పడమరకు తిరిగి నమాజు చదివాం. చాయ్ పెట్టుకుని, మాటల్లో పడి, తీరిగ్గా తిరిగి వచ్చాం.

పటం మీద జెద్దా ఎక్కడో పైన ఉంది. మా విమానం చాలా కిందుగా, అరబ్బు నేల దాటేసి అవతలి సముద్రం మీద పోతోంది. ముక్కు తిప్పుదామని ఆటోపైలట్ ఆపేశాను, కాలం వేగం తగ్గించడం మరిచాను. విమానం తలకిందులై, అత్తమ్మ చూస్తుండగానే నీళ్ళలో పడింది.

"ఓ అక్కా, నీ కోడలు నిన్ను సముద్రంల ముంచిందే!"

"అత్త మీద గింత కోపముందానే పిల్లా?"

చాయ్ గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వారు. అత్తమ్మ నవ్వలేదు. ఎట్ల తప్పిందని ఒకామె అడిగితే, "పడమర పెట్టిన... నమాజు దిక్కు గదా అని," అన్నాను.

"గంతేనా నీ చదువు?" అన్నదామె.

"దాన్నేమనకుండ్రి," అన్నది అత్తమ్మ. "గా దిక్కు దానికి చూపెట్టింది నేనే. తప్పు నాది."

మరిది ముందే చెప్పాడని అనబోయాను. ఆమె నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. "ఊకో."

నవ్వంతా ఆమె మీదికి మళ్ళింది. మక్కా యాడుందో తెలియకుండానే మక్కాకు పోతనన్నదట అని యార్డులో చాన్నాళ్ళు ఆటపట్టించారు. ఆ కబురూ నాకు గాజులామే తెచ్చింది. చేతులు చాపి గాజులు వేయించుకున్నాను. ఈసారి తలెత్తలేదు.

మరునాడు పొద్దున అత్తమ్మ మరిదిని పిలిచి పటం తెరవమన్నది. మన ఇల్లు ఏది, మక్కా ఏది, తిన్నగా పడమరకు పోతే ఏ ఊరు వస్తుంది అని వేలుపెట్టి అడిగింది.

"అంటే ఇన్నేండ్ల సంది జర పక్కకు మొక్కుతున్ననా?"

"గంత ఫికర్ వద్దమ్మా. మసీదుల దిక్కు సక్కగనే ఉంది, మన గోడనే జర వంకర. అటు దిక్కుకు తిరిగితే చాలంటరు పెద్దలు."

"చాలని నాకూ ఎరుకే." పటంలో మక్కా మీద వేలు పెట్టింది. "గని ఒక్కపారి ఎదురుంగ నిలబడి సక్కగ మొక్కొస్త. పోత నేను."

"మరి భయం?" అన్నాను.

"ఉంది. ఉండనీ, అది కూడ వస్తది నాతోని." ఆపైన మరిది వైపు తిరిగి, "గా డ్రైవర్‌కు మాత్రం చెప్పుండ్రి, దిక్కు అంకె ముట్టద్దని," అన్నది.

పోయింది. క్షేమంగా వచ్చింది. తెచ్చిన ఖర్జూరాలూ మక్కాలోని జమ్‌జమ్ బావి నీళ్ళూ ముందుగా పంచింది ఆ యార్డు ఆడవాళ్ళకే. ఇంటికి వచ్చిన రోజు నమాజు చాపను గోడ వెంట కాకుండా కుడివైపుకు కాస్త తిప్పి పరిచింది. నన్ను కూడా మళ్ళీ భుజాలు పట్టుకుని నిలబెట్టింది.

తప్పు తన మీద ఎందుకు వేసుకున్నదో ఒకనాడు అడిగాను.

"ముసలిదాన్ని, నన్ను నవ్వితే నాకేం పోతది? నువ్వు మల్ల గా కంప్యూటర్ ముంగట కూసోవాలె గదా."

సిగ్గుతో నేను అప్పటికే దాని ముందు కూర్చోవడమే మానేశాను. ఆమె అది కూడా చూసింది. ఆ రోజే మళ్ళీ కూర్చున్నాను. ఈసారి గీత మీద పెట్టి, జెద్దా దాకా తీసుకుపోయి దింపాను. పక్కన ఆమె ఒక్కతే ఉంది. విమానం దిగగానే, "ఆ, గిట్లనే దిగినం," అన్నది.

ఆమె ఇప్పుడు లేదు. చాప ఇంకా ఆమె తిప్పినట్టే ఒరిగి ఉంటుంది. ఇది చదివే మీరు ఏ దిక్కుకు తిరిగి మొక్కేవారైనా సరే, మొక్కేటప్పుడు ఒక్కసారి మా అత్తమ్మను తలుచుకోండి.