ఆట అయినంక చెయ్యి కలపాలె

సుల్తానాబాద్ దగ్గర ఒక ఊరి బడిలో నేను ఆటల టీచర్ని. మా ఆడపిల్లల కబడ్డీ జట్టుకు నేను పెట్టిన నియమాలు పెద్దగా ఏమీ లేవు. గోళ్లు కత్తిరించుకుని రావాలి. ఆట అయిపోయాక వరసలో నిలబడి అవతలి జట్టుతో చెయ్యి కలపాలి, గెలిచినా ఓడినా. గోళ్ల సంగతి రోజూ ఎవరో ఒకరు మరిచిపోతారు. రెండోది మాత్రం ఎవరూ తప్పలేదు, ఆదిలాబాద్‌కు పోటీలకు వెళ్లిన ఆ చలికాలం దాకా.

ఈ విషయంలో నాకంత పట్టుదల ఎందుకంటే, నేను ఆడే రోజుల్లో ఆట అయ్యాక చేతులు కలపడం అనేదే లేదు. చెప్పులు వెతుక్కుని బస్సెక్కడమే. ఓడిన ఊరివాళ్లు ఒక్కోసారి తిట్టుకుంటూ బస్సు దాకా వచ్చేవాళ్లు. ఎన్నో ఊళ్లలో ఆడాను కానీ, అవతలి వైపు ఆడిన ఒక్క అమ్మాయి మొహమూ నాకిప్పుడు గుర్తు లేదు.

మా జట్టులో కూతకు వెళ్లడంలో అందరికన్నా మొనగత్తె ఒక తొమ్మిదో తరగతి పిల్ల. సన్నగా, పొడుగు కాళ్లతో ఉంటుంది. తండ్రి దుబాయ్‌లో పనిచేస్తాడు, తల్లి పొలం చూసుకుంటుంది. ఆ పిల్ల కళ్లకు బాగా మందపాటి అద్దాలు. ఊళ్లో మగపిల్లలు సోడాబుడ్డి అని ఏడిపిస్తారు. పైకి పట్టించుకోనట్టే ఉంటుంది కానీ, ఫొటో తీస్తామంటే చాలు, ముందు అద్దాలు తీసేస్తుంది. ఆటకు దిగేటప్పుడు వాటిని నా చేతిలో పెడుతుంది. అవి లేకపోతే దానికి మొహాలు ఆనవు. అంగీల రంగూ కాళ్ల కదలికా మాత్రం తెలుస్తాయి. మిగతాదంతా చెవులతోనే. మట్టిలో పాదం రాసుకున్న చప్పుడును బట్టి ఎవరు ఎటునుంచి మీద పడబోతున్నారో పసిగడుతుంది.

ఆదిలాబాద్‌లో మాకు ఆటస్థలం జిన్నింగ్ మిల్లుకు దగ్గర్లో దొరికింది. పత్తి ట్రాక్టర్లు రోడ్డు మీద బారులు తీరి ఉన్నాయి. గాలికి దూది పింజలు ఎగిరొచ్చి సున్నం గీతల మీద వాలుతుంటే, గీత ఏదో దూది ఏదో తెలియక రెఫరీ మాటిమాటికీ చీపురు పట్టించాడు.

సెమీఫైనల్ అక్కడి ఊరి జట్టుతోనే పడింది. వాళ్ల కోచ్ మెడకు మఫ్లర్ చుట్టుకున్న పెద్దాయన. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో మరాఠీలోకి వెళ్లి మళ్లీ వచ్చేవాడు. కెప్టెన్ గట్టి పిల్ల, ఎడమ మూలన ఉండి పట్టుకు దిగితే మనిషిని కదలనిచ్చేది కాదు. ఆట మొదలైనప్పటి నుంచీ తన జట్టు మీద ఒకటే కేకలు. డప్పుల మోతలో ఆ కేకలేమిటో నా దాకా స్పష్టంగా రాలేదు.

సగం ఆట అయ్యేసరికి మా పిల్ల చాలాసార్లు దొరికిపోయింది. నీళ్లు తాగడానికి వచ్చినప్పుడు మొహం గట్టిగా బిగించుకుని ఉంది.

"ఏమైందే? దెబ్బ తాకిందా?"

"ఏం కాలే మేడం."

రెండో సగంలో దానికి పూనకం వచ్చినట్టయింది. ఆఖరి కూతలో సూటిగా ఆ కెప్టెన్ మీదికే వెళ్లి, భుజం తాకి, ఇద్దరు నడుముకు వేలాడుతుంటే వాళ్లను ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద పడింది. మేము గెలిచాం. దుమ్ము కొట్టుకుపోయిన జడలతో పిల్లలంతా ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటే, నేను కూడా కుర్చీ తన్నుకుని లేచి అరిచాను.

అప్పుడు వరస పెట్టారు. మా పిల్ల వచ్చి నా దగ్గర అద్దాలు తీసుకుని పెట్టుకుంది. అవతలి వరసకు వాళ్ల కోచే ముందు నడిచాడు. ఓడినవాళ్లలో అలా ముందు నడిచే కోచ్‌ని నేను అంతకుముందు చూడలేదు. మా పిల్లల్లో ప్రతి ఒక్కరి చెయ్యీ పట్టుకుని ఏదో ఒక మాట చెప్తున్నాడు. మా పిల్ల దగ్గరకు వచ్చి, "కూత మస్తుగున్నది బిడ్డా" అన్నాడు. అది తల దించుకుని చెయ్యిచ్చింది.

ఆయన వెనకే కెప్టెన్. ఏడ్చిన కళ్లతోనే నవ్వుతూ చెయ్యి చాచింది. మా పిల్ల రెండు చేతులూ చంకల్లో పెట్టుకుంది.

వరస ఆగిపోయింది. ఆ కెప్టెన్ చెయ్యి అలాగే గాల్లో ఉంది. నవ్వు కాసేపు మొహం మీదే నిలబడి, తర్వాత నెమ్మదిగా పోయింది. చూసేవాళ్లలోంచి ఎవరో గట్టిగానే అన్నారు, "గెల్సినంక గింత పొగరా?"

నేను వెళ్లి ఆ కెప్టెన్ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. "మస్తాడినవ్ బిడ్డా" అన్నాను. అది తల ఊపింది కానీ చూపు మా పిల్ల మీదే ఉంది. మిగతా వరస ఎలాగో కదిలింది.

మా పిల్లను టెంటు వెనక్కి తీసుకెళ్లాను.

"ఎందుకియ్యలేవే చెయ్యి?"

అడగ్గా అడగ్గా ఒక్కసారిగా ఏడుపు ముంచుకొచ్చింది.

"ఆటంత నన్ను సోడా సోడా అన్కుంట మొత్తుకున్నది మేడం. నేను కూతకు పోయినప్పుడల్ల అన్నది. పొద్దుగాల టిఫిన్ కాడ నా అద్దాలు చూసినట్టున్నది. ఆమెకు నేను చెయ్యియ్య."

నాకు కోపం నషాళానికి ఎక్కింది. ఆటలో ఎంతైనా పట్టండి, పడెయ్యండి, పిల్ల కళ్ల గురించి మాట్లాడటమేమిటి? మా పిల్లను వెంటబెట్టుకుని నేరుగా వెళ్లి పెద్దాయనకు చెప్పాను. ఆయన నా మాట పూర్తయ్యే దాకా విన్నాడు. తన పిల్లలను వెనకేసుకు రాలేదు.

"గట్ల అన్నదంటె తప్పే మేడం. మీ ముంగటనే అడుగుత" అని కెప్టెన్‌ను పిలిచాడు. "ఈ పిల్లను నువ్వు సోడా అన్నవా?"

ఆ పిల్ల తెల్లబోయింది. "నేనెందుకంట సర్? నాకేం ఎర్క? నేను మా పొల్లలకు చెప్తున్న."

"ఏమని చెప్పినవ్? గప్పుడెట్ల మొత్తుకున్నవో గట్లనే అను."

ఆ పిల్ల ఊపిరి పీల్చుకుని గట్టిగా అరిచింది. "సోడూ నకో! తిలా సోడూ నకో!"

పెద్దాయన కణతలు నొక్కుకున్నాడు. నవ్వొస్తున్నట్టుంది, కానీ నవ్వలేదు. మా పిల్ల చెంపల మీద కన్నీళ్లు ఇంకా ఆరలేదు కదా, అది చూశాడు. దాని ముందు గొంతుక్కూర్చుని చెప్పాడు.

"బిడ్డా, సోడూ నకో అంటె మా మరాఠీల ఇడ్వకు అని. ఆమెను ఇడ్వకుర్రి అని ఆళ్ల పొల్లలకు చెప్తున్నది. నీ అద్దాల ముచ్చట కాదు."

మా పిల్ల నా వైపు చూసింది. నాకూ మరాఠీ రాదు. టీ పోస్తున్న మనిషి తల ఊపి, "నిజమే మేడం, ఇడ్వకు అనే" అన్నాడు.

"నువ్వు అద్దాలు పెడ్తవని నాకు గిప్పుడే ఎర్క" అంది కెప్టెన్. "నిన్ను జర ఇడిస్తె చాలు, అవతల పడ్తవ్. గా పరేషాన్‌కే గొంతు పోయేదాంక మొత్తుకున్న."

ఆట పొడవునా తనను వెక్కిరించిందనుకున్న మనిషి, నిజానికి ఆట పొడవునా తనకు భయపడిందన్నమాట. ఆ సంగతి మా పిల్లకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అద్దాలు తీసి, అంగీ అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

"నిజంగనా?" అని చెయ్యి చాచింది.

కెప్టెన్ రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని మొహం పక్కకు తిప్పుకుంది. మా పిల్ల గతుక్కుమంది. మరుక్షణమే ఆ పిల్ల పకపకా నవ్వి దాని చెయ్యి పట్టుకుని గుంజింది. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టి ఇక ఆపలేదు. పెద్దాయన కూడా అప్పుడు నవ్వాడు, మఫ్లర్ నోటికి అడ్డం పెట్టుకుని.

తర్వాత నేనూ ఆయనా టీ తాగాం. వరసకు మీరెందుకు ముందు నడిచారని అడిగాను.

"గెలిస్తె ఎనుక నడుస్త మేడం. ఓడితె ముంగట నడుస్త. ఓడిన పొల్లలకు కాళ్లు లెవ్వయి. ముంగట ఒక మనిషి పోతుంటె ఎనుక ఆళ్లే వస్తరు" అన్నాడు. అదేదో పెద్ద విషయంలా కాదు, టీలో చక్కెర ఎక్కువైందని చెప్పినంత మామూలుగా.

మర్నాడు ఫైనల్‌లో చిత్తుగా ఓడిపోయాం. శ్రీరాంపూర్ వైపు నుంచి వచ్చిన జట్టు మమ్మల్ని ఊపిరి తీసుకోనివ్వలేదు. వరస పెట్టినప్పుడు నేను లేచి ముందు నడిచాను. వెనక మా పిల్లల అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఎవరూ ఆగలేదు. ఆడినంతసేపూ పక్కన కూర్చుని చూసిన ఆ కెప్టెన్, వరస అయ్యాక మా పిల్ల పక్కన చేరి చాలాసేపు ఏదో చెప్తూనే ఉంది. మా పిల్ల అద్దాలు తీయకుండానే ఇద్దరూ ఫొటో దిగారు.

ఎండాకాలం సెలవులకు ముందు పెద్దాయన ఫోన్ చేసి, "ఒకపారి మీ దిక్కు ఆడుకుందమా?" అన్నాడు. జట్టును తీసుకుని వచ్చాడు. ఎవరూ కప్పు పెట్టలేదు, మైకు లేదు. పిల్లలు ఎండెక్కేదాకా ఆడి, బడి వరండాలో బారుగా కూర్చున్నారు. మా వంటామె కోడికూర, పచ్చిపులుసు చేసింది. పెద్దాయన కూర పక్కనపెట్టి పచ్చిపులుసే మళ్లీ మళ్లీ అడిగి పోయించుకున్నాడు. వెళ్లేటప్పుడు దాంట్లో ఏమేమి వేస్తారో వంటామెను అడుగుతూ బస్సు దగ్గర అందరినీ నిలబెట్టేశాడు. పిల్లలు కిటికీల్లోంచి రమ్మని కేకలు వేస్తున్నా, ఉల్లిగడ్డ ఎంత సన్నగా కోయాలో తెలుసుకున్నాకే బస్సెక్కాడు.