చుక్క బయటికి పోని గోడ

తనంత తెలివైన తాపీమేస్త్రి ఈ తీరం వెంబడి ఇంకొకడు లేడని మేస్త్రికి గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకాన్ని ఇటుకా సిమెంటూ పెట్టి, నున్నగా ప్లాస్టరింగ్ చేసి, అందరూ చూసేలా ఇంటి ముందు నిలబెట్టిన ఘనత కూడా ఆయనదే. ఇప్పుడు ఎవరైనా ఆ గోడ సంగతి ఎత్తితే అందరికంటే ముందు తనే నవ్వేస్తాడు. "వాళ్లు నవ్వేలోపు మనమే నవ్వుకుంటే సగం పరువైనా దక్కుతుంది" అంటాడు. మరి మిగతా సగం ఏమైందని అడిగితే, సమ్మెట పెట్టి తనే పగలగొట్టానంటాడు.

ఆయన ఇల్లు కట్టుకున్న రోజుల్లో సముద్రంలో కాళ్లు తడుపుకోవాలంటే ఇసుకలో ఆయాసపడుతూ నడవాల్సి వచ్చేది. తర్వాత తర్వాత సముద్రమే నడిచి రావడం మొదలుపెట్టింది. ముందు ఇసుక పోయింది, ఆపైన టీ కొట్టు పోయింది, తర్వాత తారురోడ్డు ముక్కలు ముక్కలుగా పోయింది. ఇప్పుడు ఎదురింటి సెలూన్ వెనక గోడకే అలలు తగులుతున్నాయి. పెద్ద పోటు వచ్చినప్పుడల్లా వీధిలో నీళ్లు నిలుస్తాయి.

వీధివాళ్లంతా గడపలు ఎత్తించుకున్నారు. ఎత్తింది ఎవరు? మన మేస్త్రే. వరసపెట్టి ఇళ్లన్నీ ఎత్తుకుంటూ పోయాడు గానీ, చేతినిండా పని ఉండగా సొంతిల్లు చూసుకునే తీరిక ఎక్కడిది? అన్ని గడపలూ లేచి కూర్చున్నాక ఆ నీళ్లు మాత్రం ఎక్కడికి పోతాయి? నేరుగా మేస్త్రి ఇంట్లోకి వచ్చాయి. వీధిలో నీళ్లన్నిటికీ తన ఇంటి అడ్రసు రాసిచ్చింది తనేనని ఆయనకు ఆలస్యంగా వెలిగింది.

మేస్త్రి భార్య ఇంట్లోనే మిషన్ మీద బట్టలు కుడుతుంది. ఉప్పునీళ్లకు మిషన్ కాళ్లు తుప్పు పట్టిపోయాయి. ఆమె తమ్ముడు మెరక మీద ఉంటాడు. తన ఇంటి పక్కన జాగా ఉందని, వచ్చేయమని పిలుస్తూనే ఉన్నాడు. మేస్త్రికి ఆ మాట వింటేనే ఒళ్లు మండేది. ఈ ఇంటి గోడలకు పెళ్లైన కొత్తలో వాళ్లిద్దరే సిమెంటు మాలు కలుపుకున్నారు. గచ్చు ఆరకముందే ఆమె పొరపాటున కాలు పెడితే, ఇతరుల ఇళ్లలో అలాంటి వాటికి కేకలేసే మనిషి, ఆ పాదం గుర్తును చెరపకుండా అలాగే ఉంచేశాడు. అలాంటి ఇంటిని వదిలి బావమరిది పంచన చేరడమా!

భార్య ఒకరోజు తేల్చి చెప్పేసింది. "ఇదిగో, ఈసారి పెద్ద పోటుకి ఇల్లు తడవకపోతే ఇంక నేను నోరెత్తను. తడిసిందా, మిషన్ తీసుకుని మా తమ్ముడి దగ్గరికి పోతాను. మీరొస్తే రండి, లేదంటే ఈ ఇంటితోనే కాపురం చేసుకోండి."

"ఇంతేనా? చూస్తూ ఉండు" అన్నాడు మేస్త్రి.

గుమ్మానికి అడ్డంగా నడుమెత్తు గోడ లేపాడు. ఊళ్లోవాళ్ల పనికైతే ఇసుక కాస్త దండిగానే వేసే చెయ్యి, సొంతపని కదా అని సిమెంటు కుమ్మరించింది. వంటింటి తూము, స్నానాలగది తూము కూడా నీళ్లు ఎదురు రాకుండా సిమెంటుతో మూసేశాడు. లోపలికి పోవాలంటే అటొక స్టూలు, ఇటొక స్టూలు ఎక్కి దిగాలి.

"మరి గిన్నెలు కడిగిన నీళ్లు నా నెత్తిన పోసుకోనా?" అంది భార్య.

"బక్కెట్లో పట్టి వీధిలో పొయ్యవే. అవతల సముద్రంతో యుద్ధం జరుగుతుంటే నీకు గిన్నెలు కావాల్సొచ్చాయా!"

అక్కడితో ఊరుకున్నాడా? సెలూన్‌కి పోయి, అద్దంలో తనను తాను చూసుకుంటూ, చుక్క నీళ్లు ఆ గోడ దాటితే ఈ మీసం నీకే వదిలేస్తానని సెలూన్ ఆయనతో పందెం కాశాడు.

పెద్ద పోటు పొద్దున్నే వచ్చింది. వీధి నిండింది. నీళ్లు గోడను తాకి, ఇటూ అటూ వెతికి, వెనక్కి తగ్గాయి. మేస్త్రి స్టూలెక్కి మీసం మీద చెయ్యి వేశాడు. "మేస్త్రీ, గట్టోడివయ్యా!" అని సెలూన్ ఆయన ఎదుటి గుమ్మంలోంచి కేకేశాడు. ఆ మాట భార్య చెవిన పడిందో లేదోనని మేస్త్రి గర్వంగా లోపలికి తిరిగాడు. ఆమె మిషన్‌ను మంచమ్మీదికి ఎక్కించి, పక్కనే కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది.

"నన్నేం చూస్తారు? కింద చూడండి."

గచ్చులో ఆమె పాదం గుర్తు నీళ్లతో నిండి ఉంది. మడమ దగ్గర పగులులోంచి ఇసుకతో సహా నీళ్లు ఊరుతున్నాయి. ముందు కాలితో నొక్కి పట్టాడు, తర్వాత గోనెసంచి కప్పాడు, చివరికి దాని మీద తనే చతికిలబడ్డాడు. ఈలోగా మూలమూలనా ఊట మొదలైంది. ఇంటి కింద ఉన్నదంతా ఇసుకేనని, సముద్రం గుమ్మం దగ్గర బెల్లు కొట్టి రావాల్సిన పని లేదని, జీవితమంతా పునాదులు తవ్విన మనిషికి అప్పుడు గుర్తొచ్చింది.

ఎండెక్కేసరికి పోటు తగ్గింది. మిగతా ఇళ్లలో ఊరిన నీళ్లు తూముల్లోంచి పోయి, జనం చీపుళ్లు పట్టుకున్నారు. మేస్త్రి ఇంట్లో మాత్రం మోకాలి కిందిదాకా నీళ్లు తొట్టిలోలాగా నిశ్చలంగా ఉన్నాయి.

"మీ గోడ చాలా బాగుందండీ. ఒక్క చుక్క కూడా బయటికి పోవడం లేదు" అంది భార్య మంచమ్మీంచి.

వీధంతా వచ్చి చూసింది. "గోడైతే దాటలేదు కాబట్టి మీసం ఉంచుకో మేస్త్రీ" అన్నాడు సెలూన్ ఆయన పెద్దమనసుతో. గొరిగేసినా అంత సిగ్గేసేది కాదు. మేస్త్రి సమ్మెట ఎత్తాడు. దెబ్బ మీద దెబ్బ వేశాడు. గోడ కదల్లేదు! తన చేతిపనిని తనే తిట్టుకుంటూ, లోలోపల కాస్త మురిసిపోతూ, అరచేతులు బొబ్బలెక్కేదాకా బాదితే గానీ అది పగల్లేదు. నీళ్లు, చెప్పులు, చీపురు, ఆయన మట్టం చూసే కర్ర అన్నీ కలిసి వీధిలోకి పరుగెత్తాయి.

విరిగిన గోడ మీద కూర్చుంటే ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. అంత కష్టపడి కట్టుకున్న ఇల్లు ఇక తనది కాదని తెలిసిపోయింది. భార్య తడి చీరతో వచ్చి పక్కన కూర్చుంది.

"పోదామా?" అన్నాడు.

"పోదాం. ముందు ఆ చెప్పులు పట్టుకోండి, వీధి చివరిదాకా పోయాయి."

మెరక మీద ఇల్లు లేచింది. అక్కణ్ణుంచి సముద్రం కనిపించదు, అల చప్పుడు వినిపించదు. పునాది మీద మొదటి వరస పేరుస్తూనే మేస్త్రి కింద ఒక కంత వదిలాడు.

"ఇక్కడికి నీళ్లెక్కడ వస్తాయి బావా?" అని నవ్వాడు బావమరిది.

"వస్తే రానీరా, పోయే దారంటూ ఉండాలిగా. నాకు ఆ ముక్క తెలియడానికి ఒక ఇల్లు పోయింది."

గచ్చు పోసిన రోజు మేస్త్రి తాపీ పక్కనపెట్టి, మొహమాటపడుతూ, "ఓసారి కాలు పెట్టవే" అన్నాడు. "మళ్లీ అక్కడే పగలడానికా? చాల్లెండి" అని ఆమె కొట్టిపారేసింది.

సామాన్ల బండి వచ్చి ఆగింది. మిషన్ దించబోతుంటే ఆమె వద్దంది. ఒక్కతే లోపలికి పోయి, ఆరిన గచ్చు మీద బక్కెట్ నీళ్లు కుమ్మరించి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. మేస్త్రి గుమ్మంలో ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నీళ్లు కాసేపు తటపటాయించి, కంత వైపు తిరిగి, అన్నీ బయటికి పోయాయి.

"ఊఁ, ఇప్పుడు దించండి" అంది.