గడ్డం దగ్గర మేకు

మా దుకాణం గుమ్మం కొయ్యకు ఇప్పుడు ఒక్క మేకే మిగిలింది. ఒకప్పుడు పదిహేడు ఉండేవి. జార్జియా కొండల్లోని మా మెస్తియాలో ఎవరు స్కీలు అడిగినా ముందు వాళ్ళని ఆ కొయ్యకు ఆనించి నిలబెట్టేవాణ్ణి. ఆడవాళ్ళయితే గడ్డం దగ్గర, మగవాళ్ళయితే నుదుటి దగ్గర మేకు కొట్టి, పక్కన పెన్సిల్‌తో పేరు రాసేవాణ్ణి. నిలబెట్టిన స్కీ ఆ మేకు దాటకూడదు. మా నాన్న అలాగే చేశాడు, నేనూ అలాగే చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి జవాబు వెతుక్కునే పని పడలేదు.

మిగిలిన మేకు మక్వాలాది. నేల నుంచి నూట ముప్పై నాలుగు సెంటీమీటర్లు.

ఆమె పూర్తి పేరు మక్వాలా గుల్బానీ. మనిషి పొట్టి. అయినా యాభై కిలోల బంగాళాదుంపల బస్తా భుజాన వేసుకుని మా వీధి ఎత్తంతా ఆగకుండా ఎక్కేస్తుంది. చలికాలంలో హత్స్వాలి దగ్గర, జురుల్ది కొండ పైకి వెళ్ళే కుర్చీల లిఫ్టులో పని. ఒకసారి ఎవరో పెద్దమనిషి కుర్చీ మీద మంచు సరిగ్గా తుడవలేదని కసిరాడు. ఆమె లిఫ్టు ఆపేసి చీపురు అతని చేతికిచ్చింది. వెనక నలభై మంది చూస్తుండగా తుడుచుకుని మరీ కూర్చున్నాడు. ఆమె నోరు మంచిది కాదని ఊళ్ళో అంటారు. నేనూ చాలాసార్లు అన్నాను.

మూడేళ్ళ క్రితం ఆమె తమ్ముడు జాజా, జురుల్ది కొండ అవతలి వాలులో మంచు కింద చిక్కుకుపోయాడు. మంచు విరిగి జారడం లిఫ్టు పై స్టేషన్ నుంచి ముందుగా చూసింది మక్వాలాయే. నేనిచ్చిన స్కీలు తొడుక్కుని బయల్దేరింది. ఆ ఉదయం కొత్త మంచు తొడల దాకా ఉంది, పిండిలా పొడిగా. స్కీల ముక్కులు పది గజాలకోసారి లోపలికి దిగబడ్డాయి. పడడం, తవ్వుకుని లేవడం, మళ్ళీ పడడం. ఆమె చేరి, తవ్వి, తమ్ముణ్ణి పైకి తీసేసరికి ఒళ్ళింకా వెచ్చగానే ఉందట. ఊపిరి మాత్రం లేదు. పోయిన నలభయ్యో రోజు పెట్టే భోజనాల్లో ఆ ఒక్క మాట చెప్పింది. మళ్ళీ ఎప్పుడూ ఆ ఊసెత్తలేదు. ఆ స్కీలు ఎవరు కొలిచిచ్చారన్న ఊసు నేనూ ఎత్తలేదు.

ఈ జనవరిలో, మంచులో చిక్కుకున్నవాళ్ళని కాపాడే కొండ సహాయ దళంలో ఒక చోటు ఖాళీ అయింది. మక్వాలా పేరిచ్చింది. దళం నాయకుడు మూర్తాజ్ నవేరియానీ, స్కీయింగ్‌లో గట్టివాడే. ఆ సంగతి అందరికంటే అతనికే ఎక్కువ తెలుసు. పరీక్ష ఒకటే. రెండు బంగాళాదుంపల బస్తాలు కట్టిన మంచుబండిని, జురుల్ది పైనుంచి, ఎవరూ తొక్కని మంచులో, బోల్తా పడకుండా కిందికి తేవాలి. తెచ్చినవాళ్ళకి దళంవాళ్ళ ఎర్ర కోటు. మక్వాలాకి మాత్రం ఇంకో షరతు పెట్టాడు: స్కీలు గివి దుకాణంలో మేకు దాటకూడదు. గివి అంటే నేనే.

పరీక్షకు రెండు రోజుల ముందు మక్వాలా నా దగ్గరకొచ్చి, గోడకు వేలాడుతున్న ఒక జత దించింది. ఫ్రాన్సు నుంచి వచ్చినవాడెవడో వదిలేసి పోయినవి. మామూలు స్కీల కంటే బాగా వెడల్పు. ముందూ వెనకా పడవలా పైకి లేచి ఉంటాయి. ఆ వంపుని రాకర్ అంటారు. పొడవు నూట డెబ్బై ఎనిమిది.

“అవి నీకంటే జానెడు ఎక్కువే తల్లీ. పెట్టెయ్,” అన్నాను.

“ఈడూ జోడూ చూడ్డానికి నేనేం వాటిని పెళ్ళాడట్లేదు బాబాయ్. ఒక కాయితం ఇవ్వు.”

స్కీని బల్ల మీద పరిచింది. కాయితాన్ని ముందు కొస కిందనుంచి లోపలికి తోసుకుంటూ పోయి, స్కీ బల్లకి ఆని అది ఆగినచోట సుద్దతో గీత పెట్టింది. వెనక కొస నుంచీ అలాగే.

“ఇప్పుడు కొలువు.”

రెండు గీతల మధ్య నూట పద్దెనిమిది వచ్చింది.

“నువ్వు నాకిచ్చినవి కూడా పెట్టు.”

పెట్టాను. అవి సాపు స్కీలు, కాయితం మొదట్లోనే ఆగిపోయింది. నూట ఇరవై.

“చూశావా? గట్టి మంచు మీద ఈ వెడల్పువే పొట్టివి. ఇట్టే తిరుగుతాయి. అదే మెత్తటి మంచులోకి దిగితే కొస నుంచి కొస దాకా మొత్తం పనికొస్తుంది. నన్ను పైకి తేలుస్తుంది.”

“ఎంత తేల్చినా నీ ఎత్తుకి...”

“మంచు నా ఎత్తు చూస్తుందా? బరువు చూస్తుంది.” మూలనున్న దుంపల కాటా మీదకి, వీపున సంచీతో సహా ఎక్కి నిలబడింది. ఎనభై నాలుగు కిలోలు. “ఇదీ సంగతి. నా గడ్డం ఎక్కడుందో దీనికి అక్కర్లేదు.”

నాకు ఒళ్ళు మండింది. నా దుకాణంలో నాకే పాఠాలా? “పొడుగే మంచిదైతే ఆ నూట తొంభైవి పట్టుకుపో,” అన్నాను ఎగతాళిగా.

ఆమె వాటినీ దించి, చేతుల్లో అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ తగిలించేసింది. “ఇవి నాకెక్కువ. కింద భూర్జ చెట్ల మధ్య తిప్పలేను. నాకేం పొడుగు పిచ్చి పట్టలేదు బాబాయ్.”

పరీక్ష రోజు పైన మంచు మోకాళ్ళు దాటింది. చూడ్డానికి వచ్చిన గుంపులో నేనూ ఉన్నాను. మూర్తాజ్ ఆమెనీ స్కీలనీ పైనుంచి కిందికి చూశాడు.

“నువ్వు వాటిని తొడుక్కున్నావా, అవి నిన్ను తొడుక్కున్నాయా?”

“కిందకెళ్ళాక చెప్తా, అన్నా.”

“కిందా లేదు, మీదా లేదు. షరతు తప్పావు. పేరు కొట్టేస్తున్నా.”

పెన్ను తీసి నిజంగానే కొట్టేశాడు. గుంపులో కొందరు నవ్వారు, నాతో సహా. మక్వాలా అతను పెన్ను జేబులో పెట్టుకునేదాకా ఓపిగ్గా నిలబడింది.

“అయిందా? ఇంక బండి వదులు,” అని అతని చేతిలోంచి కాడి లాక్కుని దిగిపోయింది.

స్కీల ముక్కులు ఒక్కసారి కూడా మునగలేదు. మేం చూస్తూనే ఉన్నాం. బండి ఆమె వెనకే బుద్ధిగా వెళ్ళింది. చెట్ల దగ్గర అటూ ఇటూ తిరిగి కనుమరుగైంది. కాసేపటికి కింద స్టేషన్ నుంచి ఫోనొచ్చింది: బండి నిలబడే ఉంది, మక్వాలా టీ తాగుతోంది.

మూర్తాజ్ కిందికి దిగొచ్చి, “తెచ్చావు సరే. పేరు మాత్రం పోయినట్టే,” అన్నాడు.

“పోనీ. మంచు కింద పడ్డవాడు నీ జాబితా చూపించమంటాడా? కోటున్నా లేకపోయినా నేను వెళ్తూనే ఉంటా. చేతనైతే ఆపు.”

ఫిబ్రవరిలో అదే కొండ, అదే అవతలి వాలు. చెక్ దేశం నుంచి వచ్చిన ఒకతను మంచులో కూరుకుపోయాడు. దళం కిందనుంచి ఎక్కుతుండగానే మక్వాలా ఆ నూట డెబ్బై ఎనిమిది మీద పైనుంచి దిగింది. దళం చేరేసరికి అతను ఆమె కోటు కప్పుకుని, ఆమె చేత తిట్లు తింటూ కూర్చుని ఉన్నాడు. మర్నాడు మూర్తాజ్ ఎర్ర కోటు తెచ్చి లిఫ్టు దగ్గర ఇచ్చాడు. కొట్టేసిన పేరు కింద మళ్ళీ పేరు రాశాడు. క్షమించమని అనలేదు. ఆమె అడగనూ లేదు.

ఆ మధ్యాహ్నం నేను పటకారు తీసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాను. పదహారు మేకులు పీకాను. పదిహేడోది పట్టుకునేసరికి మక్వాలా వచ్చింది, స్కీలు భుజాన, ఎర్ర కోటు మోకాళ్ళ దాకా.

“అది పీకకు,” అంది.

“ఇంకా ఎందుకమ్మా అది? తప్పుడు కొలతేగా.”

“జాజా కోసం ఆ కొలత మీదే వెళ్ళాను బాబాయ్. ఉండనీ. నీకు గుర్తుండాలి.”

పటకారు కింద పెట్టేశాను. ఇప్పుడు స్కీలకి ఎవరొచ్చినా ముందు కాటా ఎక్కమంటాను. మేకు మాత్రం అక్కడే ఉంది. గుమ్మం దాటిన ప్రతిసారీ నా భుజానికి తగులుతుంది.