బాలమణి గారు నిలబడే చోటు

"బాలమణి మేడం ఇగ లేదు సార్." పొద్దున్నే మా అటెండర్ ఫోన్‌లో చెప్పిన మాట ఇది. ముందురోజు సాయంత్రమే పెద్దేముల్ ఆటో ఎక్కుతూ నాకు చెయ్యి ఊపిన మనిషి. ఇంటి ముందు ఊడుస్తూ కూలిపోయారట, తాండూరు దవాఖానకు తెచ్చేలోపే ప్రాణం పోయిందట. గుండెపోటన్నారు. నేను "ఏ బాలమణి?" అని అడిగాను. మా బడిలో బాలమణి ఒక్కరే. దిగ్భ్రాంతి అనే మాటకు పిల్లలకు అర్థం చెప్పడమే గానీ, అది నాకే ఎదురవడం అప్పుడే.

బధిర విద్యార్థులకు సంజ్ఞా భాష నేర్పే ఉపాధ్యాయురాలిగా ఆమె మా పాఠశాలకు వచ్చి పదేండ్లు దాటింది. పెద్దేముల్ దగ్గరి కురుమ కుటుంబం, తండ్రికి గొర్లే ఆస్తి. వినపడని తమ్ముడితో గొర్ల వెంట తిరుగుతూ సైగలు నేర్చుకుని, ఆ తర్వాత హైదరాబాద్‌లో శిక్షణ పొందారు. నేను తెలుగు పంతుల్ని, మాట మీద బతికేవాణ్ని. తరగతిలో నేను చెప్పిన పద్యం, పక్కన నిలబడ్డ ఆమె చేతుల్లోకి పోయి పిల్లల కళ్లలో వెలిగేది. మధ్యలో దానికి ఏం జరిగేదో నాకు తెలిసేది కాదు.

ఆమెను మితభాషి అనడం అబద్ధమవుతుంది. స్టాఫ్ రూంలో ఆమె ఉంటే ఇంకెవరికీ వంతు వచ్చేది కాదు. కోపమూ ముక్కు మీదే ఉండేది. మేము పిల్లలను వదిలి ఆమె వైపు చూసి పాఠం చెబితే ఊరుకునేవారు కాదు. "నన్నెందుకు జూస్తరు సార్? పిల్లల దిక్కు జూడుండ్రి. నేన్ లేననుకోండ్రి" అనేవారు.

ఒక పంద్రాగస్టు నాడు మా ప్రధానోపాధ్యాయుల ప్రసంగం ఎంతకూ తెగలేదు. వెనక వరుసలో ఒక పిల్లవాడు ఏదో సైగ చేశాడు, మిగతావాళ్లంతా విరగబడి నవ్వారు. "ఏమంటున్నడు మేడం?" అని ఆయన అడిగితే, "మీ ముచ్చట మస్తుగున్నదంటున్నడు సార్" అన్నారు బాలమణి గారు, ముఖంలో గీత కదలకుండా. ఆయన ముచ్చటపడి మరికాస్త సాగదీశారు. వాడు నిజానికి ఏమన్నాడని తర్వాత నేను గుచ్చి గుచ్చి అడిగాను. "వాడు దోస్తులకు జెప్పుకున్నడు, మీకు జెప్పలే గద సార్" అని నవ్వి ఊరుకున్నారు.

శిరీష అని బొంరాస్‌పేట అమ్మాయి, ఇప్పుడు పదో తరగతి. చిన్న తరగతిలో ఉండగా సెలవులకు తీసుకుపోవడానికి తల్లి వచ్చింది. కూలి పోగొట్టుకుని, మండే ఎండలో బస్సులు మారి వచ్చిన విసుగులో, "గీ పిల్లతోని నా పానం పోతున్నది, ఎందుకు పుట్టిందో" అన్నది. శిరీష బాలమణి గారి ముఖం చూసింది. ఆమె చేతులు కదిలాయి. పిల్ల ఉరికిపోయి తల్లిని వాటేసుకుంది. తల్లి మొదట బిత్తరపోయి, ఆ తర్వాత ఏడ్చింది.

"ఏం చెప్పారు మేడం?" అని అడిగాను.

"మీ అమ్మ నిన్ను యాది జేసుకుంట వచ్చిందని చెప్పిన."

"ఆమె అట్ల అనలేదు గదా?"

"ఆకలి మీదున్న మనిషి మాటకు అర్థం జెప్పొద్దు సార్. బువ్వ దిన్నంక అడుగుండ్రి, నేను జెప్పిందే జెప్తది."

అది అనువాదమా, అబద్ధమా? నాకు ఈనాటికీ తేలలేదు. ఇన్నేండ్లు పిల్లల మాటలని మేము విన్నవాటిలో పిల్లలవెన్ని, బాలమణి గారివెన్ని? మేము అన్నవాటిలో వాళ్లకు ఎన్ని చేరాయి? తలచుకుంటే తల తిరుగుతుంది. ఆ పిల్లలకు మేమంటే ప్రేమ. దానికి కారణం మేమేనా అని ఇప్పుడు అనుమానం పట్టుకుంది.

మొన్న బడిలోనే సంస్మరణ సభ పెట్టాం. పిల్లలకు సంగతి ఎవరు చెప్పాలో మాలో మాకు తేలకముందే, దండ వేసిన ఫొటో చూసి వాళ్లకు తెలిసిపోయింది. మైకులో అందరూ బాగానే మాట్లాడారు. పిల్లలు మాత్రం వక్తలను చూడలేదు. వేదిక పక్కన ఆమె నిలబడే ఖాళీ చోటునే చూస్తూ బండల మీద కూర్చున్నారు. "జర మీరు నిలవడుండ్రి సార్, మీకు కొద్దిగ వస్తది గద" అని ప్రధానోపాధ్యాయులు నన్ను పంపారు. నాకు వచ్చినవి అన్నం, నీళ్లు, కూర్చో, బాగుంది. మైకులో ఎవరో "తీరని లోటు" అంటున్నారు. నా చేతులు లేచాయి గానీ ఎటు పోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచిపోయాయి.

శిరీష లేచి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు జరిపి తాను నిలబడింది. నేను వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. ఆ పిల్ల చేతులతో చాలాసేపు చెప్పింది. పిల్లలు ఏడ్చారు, ఒకచోట అందరూ కలిసి పకపకా నవ్వారు, మళ్లీ ఏడ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియక మేము పెద్దలం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అంతసేపు చెప్పుకోవలసిన బాలమణి ఎవరో నాకు తెలియనే తెలియదనిపించి దుఃఖం ముంచుకొచ్చింది.

సభకని వచ్చి నా వెనక కూర్చున్న శిరీష తల్లి నా భుజం తట్టింది. "సారూ, నా బిడ్డ ఏమంటున్నదో జర జెప్పుండ్రి."

బాలమణి గారైతే ఏదో ఒకటి చెప్పి ఆ తల్లి కడుపు నింపేవారు. నేను మాత్రం "నాకు గూడ తెల్వది తల్లీ" అన్నాను.

ఇక్కడ నేను రాసింది మాకు తెలిసినంత మేరకే. అసలైన సంస్మరణ ఆ పిల్ల ఆరోజే చెప్పేసింది. దాన్ని మాకు విప్పి చెప్పగల మనిషి ఒక్కరే ఉండేవారు. ఆ బాలమణి గారికి, ఏమీ అర్థం కాని మా అందరి నమస్కారం.