జగ్గయ్యపేట షుగరు బిస్కెట్టు

జగ్గయ్యపేట బస్టాండు వెనక సందులో రొట్టెల బట్టీ నడిపే శాంతయ్య ఎన్ని తిట్లయినా పడేవాడు గానీ, ఒక్క మాట మాత్రం పడలేకపోయేవాడు. ఆ మాట ‘వద్దులే’. బిస్కెట్టు మాడిందంటే పోట్లాడేవాడు. బాగుందంటే ఇంకో రెండు చేతిలో పెట్టేవాడు. అందించిన బిస్కెట్టుని చూసి ‘వద్దులే శాంతయ్యా’ అని మొహం తిప్పుకున్న మనిషిని మాత్రం వారం దాకా మరిచిపోయేవాడు కాదు. అన్నం ముందు కూర్చుని కూడా, “ఎందుకు వద్దన్నాడంటావ్ లూర్దూ?” అని భార్యని అడిగేవాడు. “కడుపు నిండి ఉంటదిలే” అని లూర్దమ్మ ఎంత చెప్పినా ఆ జవాబు అతనికి ఆనేది కాదు. బిస్కెట్టు తినడానికి కడుపుతో పనేమిటని అతని అభిప్రాయం.

సికింద్రాబాదులో ఒక బేకరీలో ఆరేళ్ళు పిండి పిసికి, డెబ్బై రెండులో భార్య ఊరైన పేటకి వచ్చి సొంతంగా బట్టీ కట్టుకున్నాడు. అప్పటిదాకా పేటలో రొట్టె అంటే జ్వరం వచ్చినవాళ్ళు పాలలో ముంచుకు తినే వస్తువు. శాంతయ్య బన్నులూ, రస్కులూ, కొబ్బరి బిస్కెట్లూ వచ్చాకే ఒంట్లో బాగున్నవాళ్ళు కూడా వాటిని తినొచ్చన్న సంగతి ఊరికి తెలిసింది.

అందరికంటే ముందు తెలిసింది మిర్చి వ్యాపారి వెంకటకృష్ణారావుగారికి. పగలంతా మిరపకాయల ఘాటులో కూర్చునే మనిషి కదా, సాయంత్రం నాలుగయ్యేసరికి ఆయన నాలుక తీపి కోసం గోలపెట్టేది. కొట్టు గుమాస్తాకి అప్పగించి, కండువా దులుపుకుని, సందులోకి వచ్చి శాంతయ్య బల్ల మీద కూర్చునేవారు. ఆయనది శాకాహారం కనక గుడ్డు పడని కొబ్బరి బిస్కెట్లు ఆయన కోసం వేరే ట్రేలో కాలేవి. ఆరు తిని, ఏడోది చేత్తో పట్టుకుని, “ఇవాళ బట్టీ కాస్త తొందరపడ్డట్టుందే శాంతయ్యా” అనేవారు. నిజంగానే తొందరపడి ఉండేది. అంత కనిపెట్టగల నాలుక పేట మొత్తం మీద ఇంకొకటి లేదని శాంతయ్య నమ్మకం. అందుకే నాలుగింటికల్లా ఆ బల్ల తుడిచి సిద్ధంగా ఉంచేవాడు.

అలాంటి కృష్ణారావుగారు డెబ్బై ఏడు ఎండాకాలంలో ఒక సాయంత్రం వచ్చి కూర్చుని, అందించిన బిస్కెట్టు వంక చూసి, గుటక మింగి, “వద్దులే శాంతయ్యా” అన్నారు. మర్నాడూ అంతే. మూడోనాడూ అంతే. రావడం, కూర్చోవడం, బట్టీ తలుపు తీసినప్పుడు వచ్చే వాసన కళ్ళు మూసుకుని పీల్చడం, లేచి వెళ్ళిపోవడం. శాంతయ్యకి మూడు రాత్రుళ్ళు నిద్ర లేదు.

నాలుగోనాడు ఆయన భార్య నాగేంద్రమ్మగారు వచ్చారు. ఆవిడ సందులోకి రావడం అదే మొదలు.

“శాంతయ్యా, మావారికి షుగరొచ్చింది. బెజవాడలో చూపించాం. నువ్వు ఆయనకొక్క బిస్కెట్టు ఇచ్చావని తెలిసిందా, నీ బట్టీలో బిందెడు నీళ్ళు కుమ్మరిస్తా.”

“ఆయన తినట్లేదమ్మగారూ. వాసన చూసి వెళ్తున్నారంతే.”

ఆవిడ కాస్త ఆలోచించి, “వాసన కూడా ఎక్కువ చూపించకు” అని వెళ్ళిపోయారు.

శాంతయ్యకి ఒక పక్క ప్రాణం లేచొచ్చింది. తప్పు బిస్కెట్టుది కాదు! ఇంకో పక్క, అంతటి నాలుక ఊరికే పడి ఉండటమా అని బెంగ పట్టుకుంది. మర్నాడు పొద్దున్నే డాక్టరు వీరరాఘవయ్యగారి దగ్గరికి వెళ్ళాడు.

“చక్కెర వెయ్యకుండా చేస్తే ఆయన తినొచ్చాండీ?”

“చక్కెరొక్కటే కాదయ్యా. మైదా కూడా లోపలికెళ్ళాక చక్కెరైపోద్ది. పిండిపదార్థం అంటారు దాన్ని. చక్కెర మానేసి మైదా తింటే, దొంగని వీధి తలుపులోంచి తరిమేసి దొడ్డి తలుపు తీసి పెట్టినట్టే.”

“అంటే చక్కెరొద్దు, మైదా వద్దు. ఆయనేమో గుడ్డు తినరు. ఇంక బిస్కెట్టులో మిగిలిందేంటండీ?”

“నిప్పు” అన్నారు డాక్టరుగారు.

ఆయన హాస్యానికన్నారు. శాంతయ్య మాత్రం దాన్ని పందెం కింద తీసుకున్నాడు.

మైదా ముద్దని నీళ్ళలో పిసికి పిసికి కడిగితే పిండంతా పాలలా కారిపోయి, రబ్బరులాంటి జిగురు మిగులుతుందని సికింద్రాబాదులో చూశాడు. ఆ జిగురుతో మొదటి ప్రయత్నం చేశాడు. కాలి బయటికొచ్చినవి బిస్కెట్టు ఆకారంలోనే ఉన్నాయి గానీ పన్ను దిగదు. లూర్దమ్మ వాటిలో ఒకటి తీసి, ఊగుతున్న మంచంకోడు కింద పెట్టింది. ఆ మంచం మళ్ళీ ఊగలేదు.

తరవాత వేరుశనగల మీద పడ్డాడు. గుళ్ళు దోరగా వేయించి, పొట్టు ఊది, దంచి, గుడ్డలో మూటగట్టి రాయి కింద పెట్టి నూనె పిండేశాడు. మిగిలిన పొడిని మీగడతో కలిపి, అతకడానికి గుప్పెడు గోధుమపిండి చల్లితే నిలబడింది. ఇక తీపి కావాలి. మందుల షాపులో శాకరిన్ బిళ్ళలు తెచ్చి నూరి కలిపాడు. నోట్లో పెట్టుకోగానే తియ్యగానే ఉంది. మింగాక అసలు సంగతి బయటపడింది. గొంతులో మొదలైన చేదు మధ్యాహ్నం భోజనం దాకా దిగలేదు.

“ఇది షుగరున్నోళ్ళకా, పగోళ్ళకా?” అంది లూర్దమ్మ.

సందులో కుక్కకి ఒకటి వేశాడు. అది వాసన చూసి, శాంతయ్య మొహంలోకి చూసి, తోక కూడా ఊపకుండా వెళ్ళిపోయింది. కుక్క కూడా తనని ‘వద్దులే’ అన్నట్టయి ఆ పూట అన్నం సయించలేదు.

చేదు పోగొట్టడానికి యాలకులు వేశాడు, జాజికాయ వేశాడు, నెయ్యి వేశాడు. పరిమళం పెరిగేకొద్దీ చేదు ఇంకా స్పష్టంగా తెలిసేది. మూడు నెలలు ఇలా గడిచాక, రొట్టెపిండి పొంగించే ఈస్టు కోసం బెజవాడ వెళ్ళినప్పుడు కోకో పొడి డబ్బా ఒకటి కంటపడింది. కొట్టువాణ్ణి అడిగి చిటికెడు నాలుక మీద వేసుకున్నాడు. ఉత్త చేదు! చాక్లెట్టు పొడి చేదుగా ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది. చాక్లెట్టులో చేదు ఉంటే జనం లొట్టలు వేసుకుంటూ తింటున్నారు, మరి తన బిస్కెట్టులో ఉంటే కుక్క కూడా ముట్టదేం? చేదుని తీపి మాటున దాచబోతే దొరికిపోతోంది. అదేదో కోకోలోనే కలిపేస్తే, ఆ చేదు కోకోదో బిళ్ళదో ఎవడికి తెలుస్తుంది?

ఆ ఆలోచనతో బస్సులో నిలబడే వచ్చాడు. సీటు ఖాళీ అయినా చూసుకోలేదు. బిళ్ళలు సగానికి తగ్గించి, కోకో కలిపి, చిటికెడు ఉప్పు వేసి కాల్చాడు. నల్లగా, రూపాయి బిళ్ళకంటే కాస్త పెద్దవిగా వచ్చాయి. లూర్దమ్మ ఒకటి నోట్లో వేసుకుని మెల్లిగా నమిలింది. అతను ఆమె మొహంలోకే చూస్తున్నాడు. ఆమె చెయ్యి చాచి రెండోది తీసుకుంది. శాంతయ్య గోడకి చేరగిలబడిపోయాడు.

నాగేంద్రమ్మగారు మాత్రం అంత తొందరగా లొంగే మనిషి కారు. ముందు బట్టీకి వచ్చి గుడ్డు పెంకు ఎక్కడైనా ఉందేమోనని మూలమూలలా చూశారు. తరవాత తమ ఇంట్లో పరీక్ష అన్నారు. ఆ రోజుల్లో షుగరు చూడాలంటే గాజు గొట్టంలో నీలంమందు పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద మరిగించాలి. నీలంగానే ఉంటే క్షేమం. ఆకుపచ్చకి తిరిగితే హెచ్చరిక. పసుపైతే తిట్లు. ఇటుక రంగైతే ఇంటిల్లిపాదికీ పస్తు. కృష్ణారావుగారు రెండు బిస్కెట్లు తిని, గంటన్నర పడక్కుర్చీలో ముద్దాయిలా కూర్చున్నారు. శాంతయ్య వాకిట్లో నిలబడ్డాడు. చివరికి ఆవిడ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని బయటికొచ్చి, “నీలమే” అన్నారు, కాస్త నిరాశగా. “సరే. రోజుకి రెండు. మూడోది ఇచ్చావో, నీళ్ళబిందె గుర్తుందిగా.”

ఆ విధంగా షుగరు బిస్కెట్టు పేటలో వెలిసింది. దాంతో ఊళ్ళో ఎవరెవరికి షుగరుందో శాంతయ్యకి డాక్టరుగారికంటే ఎక్కువ తెలిసింది. తనకోసమని ఎవరూ అనేవారు కాదు. “మా బావమరిది వచ్చాడయ్యా, ఆయన కోసం” అనేవారు. పేటలో అంతమంది బావమరుదులున్నారని, అందరికీ షుగరుందని అప్పుడే తెలిసింది. నందిగామలో సాంబయ్య అనే కిరాణా కొట్టాయన కూడా వారానికొక డబ్బా తీసుకునేవాడు. శాంతయ్యే బస్సెక్కి వెళ్ళి ఇచ్చి వచ్చేవాడు.

రెండేళ్ళు అంతా నీలంగానే నడిచింది. డెబ్బై తొమ్మిది దసరా వెళ్ళాక ఒక ఉదయం నాగేంద్రమ్మగారు గాజు గొట్టంతో సహా సందులోకి వచ్చారు. అందులో ఇటుక రంగు.

“ఇంట్లో చక్కెర డబ్బా తాళంలో ఉంది. ఆయన తినేది నీ బిస్కెట్టొక్కటే. చక్కెర కలిపావా లేదా?”

“అమ్మగారూ, ప్రమాణపూర్తిగా కలపలేదండీ!”

“మరి ఇదేంటి?” అని గొట్టాన్ని అతని ముక్కు దగ్గర పెట్టారు. బన్నులు కొనడానికొచ్చిన పదిమందీ అది చూశారు. సాయంత్రానికల్లా బావమరుదులు రావడం మానేశారు.

శాంతయ్య వారం రోజులు ఆ బిస్కెట్టు సరుకులున్న ప్రతి డబ్బా మూత తీసి నాకి చూసుకున్నాడు. శాకరిన్ బిళ్ళల్లో తప్ప ఎక్కడా తీపి లేదు. ఆ బెంగతోనే గురువారంనాడు నందిగామ వెళ్ళాడు. సాంబయ్య కొట్లో డబ్బా ఇచ్చి, కాఫీ తాగుదామని ఎదురుగా ఉన్న హోటల్లోకి అడుగు పెడితే, మూల బల్ల దగ్గర కృష్ణారావుగారు. ఎడం పక్క మైసూరుపాకు పళ్ళెం, కుడి పక్క షుగరు బిస్కెట్ల పొట్లం. ఒక ముక్క అది, ఒక ముక్క ఇది, వరస తప్పకుండా తింటున్నారు.

“ఇదేంటండీ కృష్ణారావుగారూ!”

ఆయన ఉలిక్కిపడినా, వెంటనే సర్దుకున్నారు. “కంగారు పడకయ్యా. అది షుగరు పెంచుద్ది, ఇది తగ్గించుద్ది. సరికి సరి.”

“తగ్గించుద్దని ఎవరు చెప్పారండీ మీకు?”

“షుగరు బిస్కెట్టని నువ్వే అంటివి. జ్వరం బిళ్ళ జ్వరాన్ని తగ్గించదూ?”

శాంతయ్యకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డాక్టరుగారు చెప్పిన దొంగ కథంతా చెప్పాడు. కృష్ణారావుగారి చేతిలో మైసూరుపాకు మెల్లిగా పళ్ళెంలోకి దిగింది. పళ్ళేన్ని పక్కకి జరిపి, “ఆవిడతో మాత్రం అనకు శాంతయ్యా” అన్నారు. అంత పెద్దమనిషి అలా అడిగేసరికి కాదనలేక, “చెప్పనండీ” అనేశాడు.

తిరుగు బస్సు చిల్లకల్లు దాటేసరికి తను ఏం ఒప్పుకున్నాడో అర్థమైంది. చెబితే మాట పోతుంది, చెప్పకపోతే బిస్కెట్టు పేరు పోతుంది. బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా తిన్నగా ప్రింటింగు ప్రెస్సుకి వెళ్ళాడు. మూడోనాటి నుంచి ప్రతి పొట్లంలోనూ అరచేతి వెడల్పు కాగితం ఒకటి ఉండేది: ‘ఇది మందు కాదు. షుగరును తగ్గించదు. దీనితోపాటు మిఠాయి తింటే మిఠాయి తిన్నట్టే. నందిగామలో తిన్నా సరే.’

“మధ్యలో నందిగామ ఎందుకయ్యా?” అంది లూర్దమ్మ.

“ఊరికే. ఉదాహరణకి.”

బావమరుదుల కోసమని ఇంకా కొంటున్న ఒకరిద్దరూ ఆ కాగితం చదివినట్టు లేదు. పొట్లం ఒకటి మిర్చి కొట్టు గుమాస్తా చేత నాగేంద్రమ్మగారికి పంపించాడు. ఆవిడ పంచాంగం కూడా అక్షరం వదలకుండా చదివే మనిషి. అరగంటలో సందులో ఉన్నారు.

“ఏ హోటలు?”

“నాకేం తెలుసమ్మగారూ? అది అచ్చుతప్పై ఉంటదండీ.”

ఆవిడ అతన్ని ఎగాదిగా చూశారు. తరవాత బన్నులకొచ్చినవాళ్ళందరికీ వినబడేలా, “శాంతయ్య బిస్కెట్టుకి వంకేం లేదు. వంకంతా మా ఇంట్లోనే ఉంది” అన్నారు. ఆవిడ నోట క్షమాపణ అంతకంటే పెద్దది రాదని అందరికీ తెలుసు. ఆ సాయంత్రం కృష్ణారావుగారు వచ్చి బల్ల మీద కూర్చున్నారు.

“మాటిచ్చావు కదయ్యా.”

“నేను చెప్పలేదండీ. అచ్చేయించానంతే.”

ఆయన తన వాటా రెండూ తిని, “కోకో ఒక పిసరు ఎక్కువైంది” అన్నారు. నిజమే, ఎక్కువైంది. ఇక ఏ కోపమూ లేదని శాంతయ్యకి అర్థమైంది.

ఐదేళ్ళు గడిచాయి. ఎనభై నాలుగు వానాకాలంలో శాంతయ్య ఒక విషయం గమనించాడు. నందిగామ సంగతి బయటపడ్డాక నాగేంద్రమ్మగారు ఆయన వాటా ఇంటికే వారానికొక పొట్లం తీసుకెళ్ళేవారు, ఇప్పుడు రెండు తీసుకెళ్తున్నారు. అడిగితే, “ఆయనకే” అంటున్నారు. ఈయన మళ్ళీ మొదలుపెట్టారన్నమాట! శాంతయ్యకి ఒళ్ళు మండింది. తిన్నగా మిర్చి కొట్టుకే వెళ్ళి, తుమ్ముతూనే దులిపేశాడు.

“రోజుకి నాలుగు తింటున్నారంటండీ? మళ్ళీ ఎక్కడండీ, కంచికచర్లా?”

“నాలుగా!” కృష్ణారావుగారు నొచ్చుకున్నారు. “ఒట్టయ్యా. రెండిచ్చి డబ్బా తాళం వేస్తోంది. మూడోది కంటికి కూడా చూపించట్లేదు.”

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఆ మధ్య ఆవిడ నీళ్ళు బాగా తాగుతున్నారని, అరికాళ్ళు మండుతున్నాయంటే ఎండలకేమోలే అనుకున్నానని కృష్ణారావుగారు మెల్లిగా చెప్పారు. చెబుతూ చెబుతూ, “ఎన్నాళ్ళ నుంచి దాస్తోందో శాంతయ్యా. నన్ను తిట్టే మనిషి తనూ దొరికిపోతే నేనింక మాట విననని భయమేమో” అని కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. మిరప ఘాటు వల్లనన్నట్టే ఒత్తుకున్నారు. శాంతయ్య కూడా తన కళ్ళని ఆ లెక్కలోనే వేసుకున్నాడు.

ఇంటికెళ్ళి ఆయనేం అన్నారో, ఆవిడేం అన్నారో బయటికి రాలేదు. మర్నాడు డాక్టరు వీరరాఘవయ్యగారి దగ్గర మాత్రం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆ వారం నుంచి సాయంత్రం నాలుగింటికి బట్టీ దగ్గరికి ఇద్దరూ నడిచి వచ్చేవారు. నడక మంచిదని డాక్టరుగారు చెప్పారు. నాగేంద్రమ్మగారు ముందు కొన్నాళ్ళు బల్ల మీద కూర్చోలేదు. నిలబడే, కొంగు చాటున, ఎవరూ చూడట్లేదన్నట్టు తినేవారు. ఒకనాడు అలవాటు లేని మనిషిలా బల్ల చివర ఒదిగి కూర్చుని, ఒక ముక్క కొరికి, ఆలోచించి, “ఉప్పు తగ్గింది శాంతయ్యా” అన్నారు.

“లేదు, సరిపోయింది” అన్నారు కృష్ణారావుగారు.

“మీకేం తెలుస్తుందండీ, మైసూరుపాకు తిన్న నోరు.”

వాళ్ళ వాదన తేలేలా లేదు. శాంతయ్య లోపలికెళ్ళి పిండి ముద్దలోంచి చిటికెడు తుంచి నోట్లో వేసుకున్నాడు. ఉప్పు తగ్గిన మాట నిజమే.

“ఎవరిది రైటు?” అని అక్కడి నుంచి కృష్ణారావుగారు కేకేశారు.

శాంతయ్య తడి గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఏం జవాబు చెబితే రేపు ఇద్దరూ వస్తారా అని ఆలోచించాడు.