మామా భుజం మీది బిళ్ళ

ఎనభైల్లో రాయచోటి నుంచి కువైట్ వెళ్లి, రుమైథియాలో ఒక ఇంగ్లండు టీచరమ్మ ఇంట్లో పనిచేశాను. అక్కడ పనివాళ్లంతా ఇంటి యజమానురాలిని పిలిచినట్టే ఆమెను మామా అనేదాన్ని. ఆమె భుజం దగ్గర ఎప్పుడూ ఒక గుండ్రటి బ్రోచ్ ఉండేది. బంగారుపూత బిళ్ళ, దాని నిండా ఒకదాన్నొకటి కరుచుకున్న జంతువులు. నేను గదిలోకి వస్తే చాలు, అరచేత్తో దాన్ని మూసేసేది. నన్ను దొంగ అనుకుంటోందని లోలోపల కుమిలిపోయేదాన్ని.

"దాని జోలికి పోవాకు చెల్లీ. పోయిందంటే నిన్నే పట్టుకుంటారు" అనేవాడు ఆ ఇంటి కారు నడిపే కడప డ్రైవరన్న.

ఒకరోజు వాళ్ల దేశపాయన భోజనానికొచ్చాడు. పాత వస్తువులు తెలిసిన మనిషి. "ఆంగ్లో-సాక్సన్ల నాటిది, పదిహేను వందల ఏళ్ల కిందటిది కదూ? ఇవి రెండు భుజాలకూ జతగా ఉండేవే, రెండోది ఏది?" అంటూ వంగి చూశాడు.

"నకలు. అంగట్లో కొన్నాను" అంది మామా, చెయ్యి అడ్డం పెట్టి.

ఆయన వెళ్లాక నాకు నిజం చెప్పింది. పొలం దున్నుతుంటే ఎవరో ఆడమనిషి సమాధిలో వాళ్ల నాన్నకు దొరికిందట. సర్కారుకు చెప్పకుండా దాచేశాడట.

"ఆయనకు అనుమానం వచ్చింది. సెలవుకు పోతున్నావుగా, నీ పెట్టెలో తీసుకెళ్లి కొన్నాళ్లు దాచు" అంది.

"వద్దు మామా. దొరికితే నా మాట ఎవరు నమ్ముతారు?"

"ఖలాస్, అయిపోయింది, మర్చిపో."

నాకు నమ్మకం కుదరలేదు. ప్రయాణం రోజు పెట్టె తెరిచి చీరలన్నీ దులిపాను. బిళ్ళ లేదు. తలెత్తితే గుమ్మంలో మామా. కోప్పడలేదు. పక్కన కూర్చుని చీరలన్నీ తనే మడతపెట్టి సర్దింది.

ఆ మడతల్లో పెట్టిందేమోనని ఇల్లు చేరేదాకా నా ప్రాణం కుదుటపడలేదు. చేరగానే మళ్లీ విప్పి చూశాను. చీరలే ఉన్నాయి.